మూడో పిలుపు

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన రాంబాబు పెళ్ళయిన పదహారేళ్ళుగా అంటూనే ఉన్నాడు. పాలల్లో నీళ్ళు, గ్యాసు బండలో తక్కువ బరువు, కూరగాయల ఆటోవాడి తూకంలో మోసం అన్నీ నేనే పట్టాలి ఆ ఇంట్లో. ఆయనకేం, అన్నం పెడితే తిని షిఫ్టుకు వెళ్ళిపోతాడు. అనుమానం లేని మనిషినైతే మా మహిళా మండలికి ఆరేళ్ళపాటు సెక్రెటరీగా ఉండేదాన్నా? జాబితా చేతిలో ఉన్న మనిషికి ఆ గుణం ఉండి తీరాలి అనుకునేదాన్ని. 2005 కార్తీకం దాకా అలాగే అనుకున్నాను.

మా ఫ్యాక్టరీ కాలనీ పాల్వంచ దాటాక మణుగూరు రోడ్డు మీద ఉంటుంది. మూడు వైపులా అడవి, నాలుగో వైపు గేటు. మగవాళ్ళకు మూడు షిఫ్టులు, ఆడవాళ్ళకు మండలి. మండలి హాల్లో నలభై కుర్చీలు, వనభోజనానికి కంపెనీ ఇచ్చే బస్సులో నలభై సీట్లు. అందుకని సభ్యులు నలభై మందికి మించకూడదు. ఏటా ట్రాన్స్‌ఫర్లూ రిటైర్మెంట్లూ పోగా ఎన్ని చోట్లు ఖాళీ అయితే అంతమంది కొత్తవాళ్ళను చేర్చుకుంటాం. అయితే ఒక్కసారి పిలిచి చేర్చుకోవడం మా దగ్గర లేదు. మూడు పిలుపులుంటాయి. శ్రావణ శుక్రవారం పేరంటం మొదటిది. దసరా వెళ్ళాక టీ పార్టీ రెండోది. కార్తీకంలో వనభోజనం మూడోది. మూడో పిలుపు అందుకుని బస్సెక్కినవాళ్ళే సభ్యులు. పిలుపుకీ పిలుపుకీ మధ్య జాబితా తరిగిపోతూ ఉంటుంది, తరిగేది మేమే.

ఎలాగంటే, పిలుపైన మర్నాడు హాలు పక్క గదిలో కొత్తవాళ్ళ పేర్లు రాసిన కాగితం గ్లాసులు బల్ల మీద వరసగా పెడతాం. సభ్యులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, నచ్చినవాళ్ళ గ్లాసులో చింతపిక్క వేసి వస్తారు. ఎవరు ఎవరికి వేశారో ఇంకొకరికి తెలియదు. సగం మంది పిక్కలన్నా పడని పేరు పోతుంది. పోయినవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు. తర్వాతి పిలుపు రాకపోతే వాళ్ళే అర్థం చేసుకుని ఊరుకోవాలి.

ఇంకో రూలు ఉంది. పిలిచినా రాని మనిషి పేరు గ్లాసు దాకా పోదు, నేరుగా కొట్టేయడమే. ఇది నేను పట్టుబట్టి పెట్టించింది. అంతకు రెండేళ్ళ ముందు ఒకావిడ బొట్టు పెట్టించుకుని, వస్తానని చెప్పి, రాకపోగా "వాళ్ళ టీ ఎవరికి కావాలి" అందట. అది నా చెవిన పడి ఒళ్ళు మండిపోయింది. ఆ వారమే రూలు రాశాను. దాన్ని సడలించాలంటే మీటింగులో సగం కంటే ఎక్కువ చేతులు లేవాలి.

పిలుపంటే మాకు ఫోను కాదు, కార్డూ కాదు. కుంకుమ భరిణతో గడపలోకి వెళ్ళి బొట్టు పెట్టి చెప్పాలి. ఇంటికి తాళం ఉంటే తలుపుకు పసుపు రాసి, దాని మీద బొట్టు పెట్టి రావాలి. ఆ పని పదకొండేళ్ళుగా నాగక్క చేస్తోంది. కాలనీ వెనక గూడెం వాళ్ళది, కోయవాళ్ళు. హాలు ఊడుస్తుంది, టీ కాస్తుంది, పిలుపుల రోజు మాత్రం మంచి చీర కట్టుకుని భరిణ పట్టుకుంటుంది. చదువు రాదు. జాబితా మీద నేను పేర్లు రాసి ఇస్తే, ప్రెసిడెంటు కళావతి గారు సంతకం చేసి, క్వార్టరు నంబర్లు నాగక్కకు చదివి వినిపిస్తారు. ఒకసారి వింటే చాలు, ఆమె మరిచిపోయిందన్న మాట లేదు.

ఆ ఏడు తొమ్మిది ఖాళీలు. కొత్తగా దిగిన కుటుంబాలు ఇరవై రెండు. మొదటి పేరంటానికి వచ్చినవాళ్ళలో కవిత అనే అమ్మాయి ఉంది. డి టైపు క్వార్టర్లలో పదిహేడో నంబరు. భర్త తిరుపతి మా ఆయన షిఫ్టులోనే కొత్త ఆపరేటరు. నిమ్మపండు రంగు చీర కట్టుకుని, ఎవరితో ఎంత మాట్లాడాలో అంతే మాట్లాడుతూ ఓ పక్కన కూర్చుంది. ఇంతలో ఎవరి పిల్లలో కొట్టుకుని హాలు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నారు. తల్లులం అరుస్తున్నాం, వాళ్ళు ఇంకా అరుస్తున్నారు. కవిత లేచి వెళ్ళి వాళ్ళ మధ్యన నేల మీద కూర్చుంది. ఏదో కథ మొదలుపెట్టింది, గొంతు బాగా తగ్గించి. ఆ తగ్గించిన గొంతు వినడానికి పిల్లలు నోళ్ళు మూశారు. పది నిమిషాలు మేం ప్రశాంతంగా తాంబూలాలు పంచుకున్నాం.

వెళ్ళేటప్పుడు నేనే పలకరించాను. "టీచర్ ట్రైనింగ్ చేసిన మేడం, భద్రాచలంల" అంది. "మాది ఇల్లెందు దిక్కు తండా. పెండ్లయినంక సర్టిఫికెట్లు పెట్టెలనే ఉన్నయి."

నాకు టక్కున ఓ ఆలోచన వచ్చింది. మండలి తరఫున కాలనీలో బాలవిహార్ నడుపుతున్నాం, నాలుగైదేళ్ళ పిల్లలకు. అక్కడి టీచరు భర్త డిసెంబరులో రిటైరవుతున్నాడు. ఆ ఉద్యోగం మండలి సభ్యులకే ఇవ్వాలని మొదటి నుంచీ ఉంది. "మూడు పిలుపులు దాటి లోపలికి రా. జనవరిల ఆ బడి నీదే అయ్యేటట్టు నేను చూస్త" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "నిజంగనా మేడం?" అని రెండుసార్లు అడిగింది. ఈ ఏడు తప్పితే టీచరు చోటు నిండిపోతుంది, ఇంకెన్నేళ్ళకో మళ్ళీ ఖాళీ. అది తనకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు కవిత గ్లాసులో ఇరవై నాలుగు పిక్కలు పడ్డాయి. ముప్పై ఒక్కమందిలో ఇరవై నాలుగు! నా జాబితాలో పదిహేను పేర్లు మిగిలాయి, ఆమెది మూడోది.

దసరా వెళ్ళాక ఒక శనివారం నాగక్క రెండో పిలుపుకు తిరిగింది. ఆదివారం టీకి పధ్నాలుగు మంది వచ్చారు. కవిత రాలేదు. నేను తలుపు వైపు చూస్తూనే ఉన్నాను, చివరి కప్పులు కడిగేదాకా. మర్నాడు రూలు ప్రకారం పేరు కొట్టేశాను. కోపంగానే కొట్టేశాను. నేను అంత మాట ఇచ్చినా లెక్కలేకపోయిందా అని. మిగిలినవాళ్ళలో ఎనిమిది మంది గ్లాసులు గట్టెక్కాయి. ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది.

బుధవారం మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుతూ అన్నాడు. "ఏందే, మీ మండలోళ్ళు తిరుపతి భార్యను పిలవనే లేదంట? ఆ పిల్ల రెండు దినాల సంది అన్నం సరిగ తింటలేదంటున్నడు."

"పిలవకపోవుడేంది? పేరు నేనే రాసిచ్చిన!"

"నాకేం తెలుసు. పిలుపు రాలేదంటున్నడు వాడు."

నా మెదడు పరుగెత్తడం మొదలుపెట్టింది. నేను పేరు రాశాను. కాగితం కళావతి గారింటికి వెళ్ళింది. ఆవిడ చదివారు, నాగక్క విన్నది. మధ్యలో డి పదిహేడు ఎక్కడ పోయింది? పైగా ఆ ఏడు కొత్తగా వచ్చినవాళ్ళలో కళావతి గారి మేనకోడలు హారిక ఒకతె. ఆ అమ్మాయి బీఈడీ. బాలవిహార్‌లో టీచరు చోటు ఖాళీ అవుతోంది. ఇంకేం కావాలి? చేటంత చెవులు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం వింటున్నానో అని నన్ను నేనే తిట్టుకున్నాను. చీఫ్ ఇంజనీరు భార్య కదా, నవ్వు మొహం కదా అని నమ్మాను!

పక్కింటి సత్యవేణి దగ్గరికి పరుగెత్తాను. సత్తుపల్లి మనిషి, నాకు ఈ కాలనీలో ఉన్న ఒకే ఒక్క ప్రాణ స్నేహితురాలు. వాళ్ళ చిన్నవాడు బాలవిహార్‌లోనే చదువుతున్నాడు. వంటింట్లో నిలబడి అంతా చెప్పాను.

"తండా పిల్ల అని తీసి అవతల పారేసింది చూడు" అన్నాను. "తన మేనకోడలిని కూసోబెట్టనీకి."

"ఆవిడది తండానా?" అంది సత్యవేణి, చేతిలో గరిట అలాగే పట్టుకుని. "చూస్తే తెలీలేదే."

"గదే కదా మరి. జల్దీ ఒక పని చెయ్. సాయంత్రం వాకింగుకు నువ్వు డి టైపు దిక్కు పోతవు కదా. తాళం ఉండె, తలుపుకు బొట్టు పెట్టిన అని నాగక్క అంటదేమో. ఉన్నదా లేదా చూసిరా."

నేనే వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. సెక్రెటరీని ఆ లైన్లలో నిలబడి తలుపులు చూస్తుంటే ఎవరన్నా ఏమనుకుంటారో అనిపించింది. సత్యవేణి చీకటి పడకముందే తిరిగొచ్చింది. "తలుపు అద్దంలా ఉందే. బొట్టూ లేదు, గిట్టూ లేదు" అంది.

అంతే. గురువారం మూడింటికి అర్జెంటు మీటింగు పెట్టించాను.

ఆ రోజు నేను మాట్లాడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. లేచి నిలబడి, ముప్పై మంది ముందు, కళావతి గారి మొహం మీదే అన్నాను. "తండా పిల్ల అని కాదా మేడం, పిలుపు లేకుండ చేసిండ్రు? ఇరవై నాలుగు పిక్కలు పడ్డ పేరు మీ ఇంట్లకు పోయినంక ఎట్ల మాయమైతది?"

కళావతి గారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "యశోద గారూ, నేను చదివిన. డి పదిహేడు అని రెండుసార్లు చెప్పిన. నా పిల్లల మీద ఒట్టు."

"గట్లైతే నాగక్కను పిలవండి."

నాగక్క టీ గిన్నె దింపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అడిగితే తడుముకోలేదు. "పోయిన అమ్మా. శనారం పొద్దున. తాళముండె. తలుపుకు పసుపు రాసి బొట్టు పెట్టిన."

"అబద్ధం! సత్యవేణి చూసొచ్చింది. తలుపు మీద ఏం లేదు."

"లేదండీ, నిజంగా ఏమీ లేదు" అంది సత్యవేణి.

"పెట్టిన" అంది నాగక్క. గొంతు పెరగలేదు. "పదకొండేండ్ల సంది పెడుతున్న. ఒక్క ఇల్లు తప్పిన్నా?"

నేను వదల్లేదు. "ఎవరు వద్దన్నరు చెప్పు. ఎవరి మాట విని ఎగ్గొట్టినవ్? నీ అంతట నువ్వు చేసే పని కాదిది."

నా చూపు కళావతి గారి మీదే ఉంది. ఆవిడ ఆ చూపుకు తట్టుకోలేకపోయారు. తన మీద పడ్డ మాట ఎవరి మీదకన్నా నెట్టాలి కదా. "నాగక్కా, తప్పు చేసి మళ్ళ బొంకుతున్నవా? నీ మూలంగ నేను మాట పడాల్నా? రేపటి సంది పనికి రావద్దు" అనేశారు.

నాగక్క ఒక్క నిమిషం ఆవిడను చూసింది, తర్వాత నన్ను చూసింది. కుంకుమ భరిణ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆకలైతె అడుక్కుంట గని బొంకనమ్మా" అని వెళ్ళిపోయింది. పొయ్యి మీద టీ పొంగి వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

ఆ తర్వాత తీర్మానం నేనే రాశాను. పిలవకపోవడం మండలి తప్పు కాబట్టి, కవిత పేరు గ్లాసు లేకుండానే మూడో పిలుపు జాబితాలో చేర్చాలి. గొడవ ముగిస్తే చాలన్నట్టు అందరూ తలలూపారు. ఎనిమిది పేర్ల కింద తొమ్మిదో పేరు రాసి గీత గీశాను. గెలిచాననుకున్నాను. కళావతే తీసేసి, మాటపడేసరికి పనిమనిషి మీదకు తోసిందని ఆ రాత్రి మా ఆయనకు గంటసేపు చెప్పాను. ఆయన గురక పెడుతున్నా చెప్పాను.

సోమవారం పదకొండింటికి కవిత మా ఇంటికి వచ్చింది. వెంట ఒక పెద్దావిడ, చేతుల నిండా తెల్ల గాజులు, ఎర్రటి ఓణీ. "మా అత్త, బాలి" అంది కవిత. కూర్చోమంటే పెద్దావిడ కుర్చీ వద్దని గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేను సంబరంగా మొదలుపెట్టబోయాను, నీ పని అయిపోయింది, బస్సెక్కడమే తరువాయి అని. కవిత వినలేదు.

"మేడం, నాగక్క పని పోయిందట. నిన్న మా లైన్ల చెప్పుకుంటున్నరు. తలుపుకు బొట్టు పెట్టిన అన్నదంట కదా, పెట్టలేదు కదా అని నేను ఇంట్ల అన్న. అప్పుడు మా అత్త చెప్పింది." అత్త వైపు తిరిగింది. "చెప్పు అత్తా."

బాలి నా వైపు సూటిగా చూసింది. "నేనే కడిగిన బిడ్డా."

"ఏంది?"

"ఆ బొట్టు. శనారం తండ నుంచి బస్సు దిగి వచ్చిన. ఇంటికి తాళం ఉన్నది. తలుపు మీద పసుపు, దాని మీద ఎర్రగ. నా పానం జల్లుమన్నది. కొడుక్కు కొత్త నౌకరి, కొత్త ఇల్లు, ఎవలి కండ్లు పడ్డయో అనుకున్న. మా తమ్ముని గడప మీద గిట్లనే పసుపు కుంకుమ పెట్టిపోయిండ్రు ఒకపారి. నెల తిరగకముందే వాడు మోటరుసైకిలు మీద నుంచి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. దవాఖానాల మూడు నెలలు నేనే ఉన్న వాని తోటి. అది యాదికొచ్చి, పేడనీళ్ళు తెచ్చి శుభ్రంగ కడిగిన. వీళ్ళు బుగులు పడతరని చెప్పలే. గది పిలుపని నాకేమెరుక?"

"నువ్వు ఆ పొద్దు ఎక్కడికి పోయినవ్?" అని కవితను అడిగాను.

"పాల్వంచకు. సర్టిఫికెట్లు జిరాక్స్ తీపిద్దామని. బాలవిహార్ దరఖాస్తుకు."

ఎవరూ పేరు తీయలేదు. కళావతి చదివింది, నాగక్క వెళ్ళింది, బొట్టు పెట్టింది. నేను లేచి అంతమంది ముందు అరిచింది దేని మీద? కానీ ఏం చెప్పను నా బుద్ధి గురించి, సిగ్గుపడాల్సిన ఆ క్షణంలోనే అది జాబితా వైపు పరుగెత్తింది. ఈ సంగతి బయటపడితే ఏమవుతుంది? నాగక్క నిర్దోషి అవుతుంది. అంటే కవితను పిలిచినట్టు. పిలిచినా రానట్టు. రూలు ప్రకారం పేరు పోతుంది.

కవితకు అదంతా విడమరిచి చెప్పాను. చెప్పి, గొంతు తగ్గించి అన్నాను. "ఊకుంటే ఏమైతది? ఇది మన ముగ్గురికే తెలుసు. బస్సెక్కు. జనవరిల బడికి పో. నాగక్కకు నేను వేరే కాడ పని ఇప్పిస్త, నా మాట నమ్ము."

ఆ మాట అన్నది నేనే. నిజానిజాలు తేల్చేదాకా నిద్రపోనని మీటింగులో బల్ల గుద్దిన యశోదను.

ఆ పిల్లకు ఆ ఉద్యోగం ఎంత కావాలో మొహంలో కనిపిస్తూనే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది, అందులో ఆ జిరాక్సులే అనుకుంటాను. దాన్ని మడత పెట్టింది, విప్పింది.

"ఆమెను బొంకులదని అందరి ముంగట అన్నరు మేడం. పని ఇంకోటి దొరుకుతది. ఆ మాట అందరి ముంగటనే పోవాలె కదా?"

"మరి నీ సంగతి?"

"నాకు కావాలె మేడం. మస్తు కావాలె." కళ్ళు తుడుచుకుంది, కోపంగా. "ఒక్కటి అడుగుతా, ఏమనుకోకండి. నా గురించి వారం రోజులు కాలనీ అంతా కొట్లాడిండ్రు. నన్ను ఒక్కరన్న వచ్చి అడిగిండ్రా? డి పదిహేడు ఇక్కడి నుంచి పది నిమిషాల నడక. మీరు వచ్చి అడిగితే మా అత్త ఆ పొద్దే చెప్పేది."

బాలి లేచి ఓణీ సర్దుకుంది. ఇద్దరూ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

మూడో పిలుపుకు రెండు రోజుల ముందు జాబితా ఖాయం చేసే మీటింగు. నేను వెళ్ళేసరికి హాలు గుమ్మం దగ్గర కవిత నిలబడి ఉంది, పక్కన నాగక్క. కవితే గూడెం వెళ్ళి బతిమాలి తీసుకొచ్చిందట. సభ్యులు కానివాళ్ళు మీటింగులో కూర్చోకూడదు, అందుకని ఇద్దరూ నిలబడే ఉన్నారు. అందరూ వచ్చాక కవిత జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తను చిన్నబుచ్చలేదు, తనను తాను పొగుడుకోలేదు. "నాగక్క వచ్చింది, బొట్టు పెట్టింది. పిలుపు అందలేదంటే అది మా ఇంట్ల జరిగిన పొరపాటు" అని ముగించింది.

కళావతి గారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ మీద నాకు ఎన్ని అనుమానాలున్నా, అప్పుడు చేసిన పని చెప్పాలి. భరిణ తీసుకుని గుమ్మం దాకా నడిచి వెళ్ళి, నాగక్క చేతిలో పెట్టి, "తప్పయింది నాగక్కా, తొందరపడ్డ" అన్నారు. నాగక్క భరిణ తీసుకుంది, నవ్వలేదు. నేనూ వెళ్ళి అన్నాను అదే మాట. నా వైపు చూడలేదు.

"మరి రూలు సంగతి?" అంది వెనక వరసలోంచి ఎవరో. "పిలిచినట్టే కదా లెక్క. పిలిచి రానోళ్ళను తీసెయ్యాలె కదా."

"రూలు నేను పెట్టించిందే" అన్నాను గబగబా. "ఇట్లాంటిదానికి కాదది. సడలిద్దాం. చోటు కూడ ఉన్నది."

"నిజమే" అన్నారు కళావతి గారు. "ఇంత నిజం చెప్పిన పిల్లను పోగొట్టుకోవద్దు. కవితను ఉంచాలె అనుకునేటోళ్ళు చేతులెత్తండి." అంటూ ముందు తన చెయ్యే ఎత్తారు. మేనకోడలి కోసం పేరు మింగేసిందని నేను ఊరంతా చాటిన మనిషి! నేనూ ఎత్తాను. ఎత్తి, లెక్కపెట్టడానికి వెనక్కి తిరిగాను.

ముందు వరసలో ఐదు. కిటికీ పక్కన మూడు. వెనక ఒకటి లేచి, పక్కవాళ్ళను చూసి దిగబోయి, ఆగింది. మా ఇద్దరితో కలిపి పదకొండు. ముప్పై ఒక్కమందిలో పదకొండు. నేను నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను, వేలితో చూపిస్తూ, బయటికే అంకెలు చదువుతూ. మధ్య వరసలన్నీ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాయి. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. కవిత గుమ్మంలో నిలబడి ఆ చేతులన్నీ చూస్తోంది, లేచినవీ లేవనివీ.

"సరే మేడం" అంది చివరికి. "నాగక్క పని నాగక్కకు వచ్చింది కదా. పోయొస్త." మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాగక్క ఆమె వెంట గేటు దాకా వెళ్ళింది.

కూర్చున్నాక చూశాను, నా పక్క కుర్చీలో సత్యవేణి చేతులు కూడా ఒళ్ళోనే ఉన్నాయి. గాజులు తిప్పుకుంటోంది.

"నువ్వు సుత ఎత్తలేదా?" అన్నాను.

"కోప్పడకే యశోదా" అంది నెమ్మదిగా. "మంచి పిల్లే, కాదనను. మొదటిసారి నేనూ పిక్క వేశాను. కానీ మావాణ్ణి రోజంతా ఆవిడ దగ్గర వదలాలి కదా, ఏ మాటలు, ఏ అలవాట్లు పట్టుకొస్తాడో అని భయం. అందరూ అదే అనుకుంటున్నారు. తండా అని నువ్వు చెప్పేదాకా మాలో ఎవరికీ తెలీనే తెలీదు."

కళావతి గారు పెన్ను నా వైపు జరిపారు. తొమ్మిదో పేరు కొట్టేశాను.